ముద్ర సరిచూచుట: లినక్స్ మింట్ వృత్తాంతము

విద్యార్థులారా, దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను మెట్లు దిగి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి. నగర్ వరకు నడచినయెడల, కంప్యూటరు విద్య నేర్పెదమని చెప్పు బోర్డులు పెక్కు మేడలపై కానవచ్చును. ఆ సందులలోని హాస్టళ్లయందు నివసించు విద్యార్థులు కొందరు పాత ల్యాప్‌టాపులను కొని, వానియందు లినక్స్ అను ఆపరేటింగ్ సిస్టమును ఎక్కించుకొనుచుందురు. అది వెల లేనిది. పాత యంత్రమునందును చురుకుగా పనిచేయును. ఇంటర్నెట్టునుండి డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవునందు నింపిన చాలును. ఒకడు నింపిన పెన్‌డ్రైవు ఆ అంతస్తునందలి గదులన్నియు తిరిగివచ్చును. మొదటివాడు దానిని ఎచ్చటనుండి తెచ్చెను, తెచ్చినది సరియైనదేనా యని యడుగువారు అరుదు. ఈ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో తెలియుటకు 2016వ సంవత్సరమున జరిగిన యొక సంగతిని వివరించెదను.

ఆపరేటింగ్ సిస్టమనగా కంప్యూటరునందలి సమస్త కార్యములను నడపు మూల ప్రోగ్రాము. 1991లో ఫిన్లాండు దేశమున విద్యార్థిగానుండిన లీనస్ టోర్వాల్డ్స్ లినక్సునకు నాంది పలికెను. దాని మూలరచన ఎల్లరకును తెరచియుండుటచే పలు దేశములవారు దానిని తమ యవసరములకు తగినట్లు సవరించుకొనిరి. మన హైదరాబాదునందే స్వేచ్ఛ యను సంస్థవారు తెలుగున పనిచేయు రూపమును సిద్ధపరచిరి. లినక్స్ మింట్ అనునది అట్టివానిలో నొకటి. క్లెమెంట్ లెఫేవ్ర్ 2006లో దీనిని ప్రారంభించెను. క్రొత్తగా నేర్చువారికి అనుకూలమగుటచే మిక్కిలి వ్యాపించినది.

2016 ఫిబ్రవరి 20వ తేదీ శనివారమున దుండగులు లినక్స్ మింట్ వెబ్‌సైటులో ప్రవేశించిరి. ఆ సైటును నడపుటకు వాడుచుండిన వర్డ్‌ప్రెస్ ద్వారా వారు లోనికి వచ్చిరని లెఫేవ్ర్ పిదప ప్రకటించెను. వారు చేసిన పని చూడ స్వల్పమైనది. 17.3 సినమన్ అను రూపమును డౌన్‌లోడ్ చేయుటకు ఆ పుటయందున్న లింకులను మార్చి, బల్గేరియా దేశమందలి సోఫియా నగరమున నున్న వేరొక సర్వరునకు త్రిప్పిరి. పుట అదియే, రంగులు అవియే, చిరునామాయు అదియే. దిగుమతియైన వస్తువు మాత్రము వేరు. చూపునకు నిజమైన మింటువలెనే పనిచేయుచు, సునామీ యను దుష్ట ప్రోగ్రామును తన కడుపులో దాచుకొనియుండెను.

ఈ సునామీ ఏమి చేయును? కంప్యూటరు ఇంటర్నెట్టుతో కలిసినతోడనే తన యజమానుడు నియమించిన చోటికి రహస్యముగా సమాచారమంపి, ఆజ్ఞలకై వేచియుండును. ఇతరుల సర్వర్లపై ఒక్కసారిగా దండెత్తుమనిన దండెత్తును. మరియొక ప్రోగ్రామును తెచ్చుకొమ్మనిన తెచ్చుకొనును. ల్యాప్‌టాపు కలవానికి ఇదేమియు తెలియదు. అతడు ఆ యంత్రముమీదనే పరీక్షరుసుము చెల్లించును, తండ్రి బ్యాంకు ఖాతా చూచును, ఉద్యోగములకు దరఖాస్తులు పంపును.

యాంటీవైరస్ ఉన్నది గదా యని యొకరు తరగతిలో అడిగిరి. ప్రశ్న మంచిదే. కాని యోచింపుడు: ఇల్లు కట్టిన పిమ్మట తలుపునకు తాళము వేయుదుము, ఇల్లు కట్టు మేస్త్రీయే గోడలో దొంగదారి విడిచినయెడల ఆ తాళమువలన ప్రయోజనమేమి? యాంటీవైరస్ ఆపరేటింగ్ సిస్టముపై ఆధారపడి పనిచేయునది. క్రిందిదియే చెడియున్నప్పుడు పైదాని మాటను పూర్తిగా నమ్మరాదు.

మింటువారు మోసమును త్వరలోనే కనిపెట్టి, దాచక, మరునాడే లోకమునకు తెలియజేసిరి. లింకులను సరిచేసిన పిమ్మట మరల దాడి జరుగగా సైటునే కొంతకాలము నిలిపివేసిరి. టోరెంటు ద్వారాగాని, వేరు ప్రతులనుండి నేరుగా గాని తెచ్చుకొన్నవారికి భయము లేదనిరి. చెడు ప్రతిని ఎక్కించుకొన్నవారు కంప్యూటరును ఇంటర్నెట్టునుండి విడదీసి, తమ సొంత ఫైళ్లను వేరుగా భద్రపరచుకొని, డిస్కును తుడిచి, సిస్టమును మరల ఎక్కించుకొని, ఈమెయిలు మొదలగువాని పాస్‌వర్డులను మార్చుకొనవలెనని చెప్పిరి. సభ్యుల ఈమెయిలు చిరునామాలును, గుప్తరూపమున నున్న పాస్‌వర్డులును కూడ దొంగల పాలయ్యెను. ఒకే పాస్‌వర్డును పది చోట్ల వాడు అలవాటుగలవారికి ఇది రెండవ దెబ్బ.

ఇక పాఠమునకు వత్తము. తెచ్చుకొన్న ఫైలు అసలైనదో కాదో యెట్లు తెలియును? కొత్తపేటలో గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు ఉన్న దినములలో మామిడిపండ్ల పెట్టె కొన్నవారికి తెలియును, పై వరుస చూచి క్రింది వరుసను నమ్మరాదని. కాని కోట్లకొలది అంకెలుగల ఫైలును అడుగువరకు వెదకుట సాధ్యమా? ఇందులకు గణితము సహాయపడుచున్నది.

2016 అను సంఖ్యను తీసికొనుడు. అంకెలను కూడిన 9. ఎవరైన దానిని 2061గా మార్చినను మొత్తము 9యే; మోసము బయటపడదు. కావున మొదటి అంకెను 1చేతను, రెండవదానిని 2చేతను, మూడవదానిని 3చేతను, నాల్గవదానిని 4చేతను గుణించి కూడుడు. 2016నకు 29 వచ్చును; 2061నకు 24 మాత్రమే. మోసము పట్టుబడినది. అయినను తెలివిగల దొంగ 3106ను తెచ్చునేమో. దానికిని 29యే వచ్చును, చేసి చూడుడు. కాబట్టి శాస్త్రజ్ఞులు ఇంతకంటె ఎంతో జటిలమైన లెక్కలను కల్పించిరి. ఎం.డి.5 అనునది వానిలో నొకటి; ఒకే ఫలితమునిచ్చు రెండు వేరు సమాచారములను కల్పింపవచ్చునని 2004లో చీనా శాస్త్రజ్ఞురాలు వాంగ్ షియావోయున్ తన సహచరులతో కూడి చూపెను. ఇప్పుడు విశేషముగా వాడబడు షా-256 ఏ ఫైలునకైనను 64 అక్షరముల ముద్రను ఇచ్చును. ఫైలులో ఒక్క బిందువు మారినను ముద్ర గుర్తుపట్టరాకుండ మారిపోవును.

ఇంతటితో పని ముగిసినదని తలంపకుడు. ఆ అసలు ముద్రను మనము ఎచ్చట చూచెదము? అదే వెబ్‌సైటునందు గదా! ఫైలును మార్చినవాడు ముద్రను మాత్రము మార్చలేడా? ఈ దాడి తానే చేసితినని చెప్పుకొన్న వ్యక్తి, ముద్రను కూడ మార్చితిననియు, వానిని సరిచూచువారెవరనియు ఎగతాళిగా ఒక పత్రికతో చెప్పెను. ఆ యెగతాళిలో నిజము లేకపోలేదు.

ఈ చిక్కును తొలగించునది డిజిటల్ సంతకము. తయారుచేసినవారియొద్ద రెండు తాళపుచెవులుండును. ఒకటి రహస్యము, రెండవది బహిరంగము. రహస్యపు చెవితో ముద్రల పట్టికపై చేసిన సంతకమును బహిరంగపు చెవితో ఎవరైనను పరీక్షింపవచ్చును. రహస్యపు చెవి లేనివాడు దానిని కల్పింపలేడు. ఆ రహస్యపు చెవిని వెబ్‌సైటున్న సర్వరులో నుంచరాదు. బహిరంగపు చెవి నిజమైనదేనా యనుటను ఒకటికంటె నెక్కువ చోట్ల చూచి నిర్ధారించుకొనవలెను.

సంతకమునకును ఒక హద్దు కలదు. ఎవరు పంపిరో అది చెప్పును గాని, పంపినవాని మనస్సు ఎట్టిదో చెప్పదు. 2024 మార్చిలో ఎక్స్.జెడ్. అను ప్రోగ్రామునందు, దానిని పోషించుచుండినవారిలో నొకరే దొంగదారి చొప్పించినట్లు తెలిసెను. సంతకము సరియైనదే! లాగిన్ అగుటకు సుమారు అరసెకను ఆలస్యమగుచున్నదని గమనించి, పట్టువిడువక కారణము వెదకిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు దానిని పట్టెను. మూలరచన తెరచియుండుటచేతనే ఇట్టి వెదకులాట సులభమైనది. కావున ఉచితమైనవి అపాయకరములనియు, వెలపెట్టి కొన్నవి క్షేమకరములనియు చెప్పువారి మాట నాకు సమ్మతము కాదు. 2020లో బయటపడిన సోలార్‌విండ్స్ దాడిలో చెడు ప్రతులను దింపుకొన్నవారు వెలపెట్టినవారే. ఆ కంపెనీ లెక్కనుబట్టి వారు సుమారు 18,000 లోపు.

తలిదండ్రులును దీనిని చదువుదురు గనుక పరీక్షించు విధమును చెప్పుచున్నాను. విండోసునందు సర్ట్‌యుటిల్ అను ఆజ్ఞయు, లినక్సునందు షా256సమ్ అను ఆజ్ఞయు ముందే కలవు. క్రొత్తగా ఏమియు కొననక్కరలేదు. ఫైలు పేరు చెప్పిన కొద్ది కాలములో ముద్ర తెరపై వచ్చును. పెన్‌డ్రైవు మరియొకరికి ఇచ్చునప్పుడు మూలఫైలును, దాని ముద్రను, సంతకమును కూడ ఇయ్యుడు. మొదటి నాలుగక్షరములును కడపటి నాలుగక్షరములును కలిసినవని సరిపెట్టుకొనక 64 అక్షరములను చూడవలెను. ఇరువురు కూడి చేసిన ఈ పని తేలిక: అచ్చుకూటమున ప్రూఫులు దిద్దునట్లు ఒకరు నాలుగేసి అక్షరములు బిగ్గరగా చదువుచుండగా, రెండవవారు తమ కాగితముపై వ్రేలుంచి చూచుచుండవలెను.