రోజూ పావుగంట పెన్సిల్ పట్టండి

డిజైన్, ఆర్కిటెక్చర్ కోర్సుల్లో చేరాలనుకునే ఇంటర్ విద్యార్థులు చాలామంది పరీక్ష దగ్గర పడ్డాకే పెన్సిల్ పడతారు. జనవరిలో డిజైన్ ప్రవేశపరీక్ష యూసీడ్ ఉంటే దసరా సెలవుల తర్వాత కోచింగ్‌లో చేరి, అక్కడ ఇచ్చిన నమూనా బొమ్మల్నే పదేపదే దించుతుంటారు. గొడుగు పట్టుకున్న అమ్మాయి, రైల్వే ప్లాట్‌ఫాం, కూరగాయల సంత. తీరా పరీక్షలో సంతకు బదులు సెలూన్ లోపలి దృశ్యం అడిగితే చేయి ఆగిపోతుంది. ఫార్ములాల్లా చివర్లో కూర్చుని బట్టీ కొట్టే వీలు డ్రాయింగ్‌కు లేదు. చేయి తిరగాలి, అంతకంటే ముందు చూపు కుదరాలి. రెండింటికీ నెలలు పడతాయి. అయితే రోజుకు పావుగంట చాలు.

మార్కుల లెక్క చూసినా ఇది తేలిగ్గా వదిలేసే భాగం కాదు. ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్‌లో 300 మార్కులకు 100 మార్కులు పార్ట్-బీవే. గంటలో చేత్తో గీసి, డిజైన్ ఆలోచన చూపించాలి. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా ఈ పరీక్ష రాయొచ్చు. ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్ సీట్లకూ ఇదే దారి. ఆర్కిటెక్చర్ కోసం రాసే నాటాలో 200కు 80, జేఈఈ మెయిన్ బీఆర్క్ పేపర్లో 400కు 100 మార్కులు డ్రాయింగ్‌వి. పరీక్ష తీరు అప్పుడప్పుడూ మారుతుంటుంది కాబట్టి మీరు రాసే ఏడాది నోటిఫికేషన్ తప్పక చూసుకోండి.

మొదలుపెట్టడానికి వంటింట్లో స్టీలు గ్లాసు చాలు. టేబుల్ మీద పెట్టి, కాస్త పైనుంచి చూస్తూ గీయండి. అంచును కోడిగుడ్డు ఆకారంలో గీసి, అడుగుకు వచ్చేసరికి దాదాపు అందరూ స్కేలు పెట్టినట్టు అడ్డగీత గీసేస్తారు. టేబుల్ చదునుగా ఉంది కదా, అడుగూ అలాగే ఉండాలని మనసు చెబుతుంది. మరోసారి చూడండి. అడుగు వంపు పై అంచు కంటే ఇంకా గుండ్రంగా కనిపిస్తుంది, ఎందుకంటే అది కంటిమట్టానికి మరింత కింద ఉంది. ఇప్పుడు గ్లాసు అంచును సరిగ్గా కంటిమట్టానికి ఎత్తండి, ఆ గుండ్రం కాస్తా ఒక్క గీత అయిపోతుంది. ఇంకా పైకెత్తితే వంపు తిరగబడుతుంది. ఈ మూడింటినీ ఒకే పేజీలో గీసినవాళ్లకు పర్‌స్పెక్టివ్ అంటే భయం పోతుంది. రేపు భవనం గీసినా, వాటర్ ట్యాంకు గీసినా పనిచేసే సూత్రం ఇదే.

మర్నాడు ప్లాస్టిక్ కుర్చీ. కాళ్లను కాకుండా కాళ్ల మధ్య ఖాళీల ఆకారాలను గీయండి, కుర్చీ దానంతటదే నిలబడుతుంది. వారం తిరిగాక బస్టాండుకు వెళ్లండి. జనం కదులుతూ ఉంటారని బెంగ వద్దు. ముందు వెన్ను వంపు, బరువు ఏ కాలి మీద ఉందో ఆ కాలు, తర్వాత తల. మనిషి వెళ్లిపోతే అదే పేజీలో ఇంకొకరిని మొదలుపెట్టండి. ఫోన్ చూసుకునేవాళ్లు చాలాసేపు కదలరు, కొత్తవాళ్లకు వాళ్లే మంచి మోడళ్లు.

గీతల్లేని పుస్తకం, 2బీ పెన్సిల్, ఒక బాల్‌పెన్. ఇంతకుమించి కొనకండి. ఎరేజర్ ఇంట్లోనే ఉంచండి. తప్పు గీత పక్కనే సరైన గీత పడితే రెండింటి మధ్య తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఒకరోజు తప్పిపోతే మర్నాడు రెట్టింపు చేయాలని చూడొద్దు, మళ్లీ పావుగంటే. ఇంకో మాట కూడా గట్టిగా చెబుతాను: రోజువారీ పేజీలను ఇన్‌స్టాలో పెట్టకండి. లైకుల కోసం గీయడం మొదలైతే చేయి తనకు వచ్చిన బొమ్మలనే వెతుక్కుంటుంది, రానివాటి జోలికి పోదు.

రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, 28 ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. అంత చిన్న జీవితంలోనూ పూర్తి చేసిన వర్ణచిత్రాలతోపాటు పెన్సిల్ స్కెచ్‌లు ఎన్నో వదిలివెళ్లారు. రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న చిత్రాలయానికి ఒకసారి వెళ్లిరండి. పెద్ద చిత్రం వెనుక ఎంత సాధన ఉంటుందో తెలుస్తుంది.

ఆర్టిస్టు కావాలన్న ఆలోచన లేనివాళ్లకూ ఈ అలవాటు అక్కరకొస్తుంది. మెకానికల్ ఇంజినీరు వర్క్‌షాప్‌లో టర్నర్‌కు భాగం వివరించాలన్నా, యాప్ డిజైనర్ మీటింగ్‌లో స్క్రీన్ల వరస చూపించాలన్నా, యానిమేషన్‌లో స్టోరీబోర్డు వేయాలన్నా అక్కడికక్కడ కాగితం మీద పెట్టగలగాలి. ఇప్పుడు ఏఐ క్షణాల్లో బొమ్మ చేసి ఇస్తోంది, నిజమే. కానీ అది ఇచ్చిన బొమ్మలో కుర్చీ కాలు నేలకు ఆనలేదనీ, నీడ తప్పు వైపు పడిందనీ పట్టుకునేది చూపు కుదిరినవాళ్లే. ఆ చూపు ఉన్నవాళ్ల అవసరం తగ్గుతుందని నేను అనుకోను.

ప్రతి పేజీ మూల తేదీ వేయండి. బాగా రాలేదని ఒక్క కాగితమూ చించకండి. పోర్ట్‌ఫోలియో అడిగే కాలేజీకి వెళ్లినప్పుడు నీటుగా ఫినిష్ చేసిన బొమ్మలతోపాటు ఈ పుస్తకమూ పట్టుకెళ్లండి. ఒకే వస్తువును జూన్‌లో ఎలా గీశారో, డిసెంబరులో ఎలా గీశారో ఆ రెండు పేజీలకూ చీటీలు పెట్టి ఉంచుకోండి. మధ్యలో ఏం మారిందని అడిగితే చెప్పడానికి మీ దగ్గర సొంత జవాబు ఉంటుంది.