ఫోను తెర సాక్ష్యం చెబుతుంది

నారాయణఖేడ్ సంగారెడ్డి జిల్లాలో ఉంది. 2016 వరకు మెదక్ జిల్లాలో ఉండేది. ఇటు తెలంగాణ, అటు కర్ణాటక. బీదరు పోయే బస్సు ఎక్కితే తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాటలు వినబడతాయి. ఇప్పుడు ఆ బస్సులో చాలామంది చేతుల్లో ఫోను కూడా ఉంటుంది. కూలి పైసలు, సంఘం కిస్తీ, పట్నం నుంచి కొడుకు పంపే డబ్బు అన్నీ ఫోనులోనే తెలుస్తున్నాయి.

ఒకప్పుడు చదువు రానివారి చేత కాగితం మీద వేలిముద్ర వేయించి మోసం చేసేవారు. ఇప్పుడు ఫోను తెర మీద వేలు పెట్టించి మోసం చేస్తున్నారు. కాగితమైతే పెట్టెలో దాచుకోవచ్చు. ఫోనులో వచ్చిన మాటను ఎట్లా దాచుకోవాలి?

ఖేడ్ దగ్గర ఒక ఊళ్లో అత్తాకోడళ్లు ఉన్నారనుకుందాం. అత్త ఒక యాప్‌లో 3,000 రూపాయలు అప్పు తీసుకుంది. వడ్డీతో సహా కట్టేసింది. అయినా రోజూ వాట్సాప్‌లో బెదిరింపులు వస్తున్నాయి. "ఇంకా 5,000 కట్టు. లేకుంటే నీ ఫోటోను పాడుచేసి నీ చుట్టాలందరికీ పంపుతాం." అత్త సిగ్గుతో సంఘం మీటింగుకు కూడా పోవడం మానేసింది.

"అన్నం గూడ తింటలేవు. ఏమైందత్తమ్మా?" అని కోడలు అడిగింది.

అత్త ఫోను చేతికిచ్చింది. "నువ్వే చదువు. నేను నోటితోని చెప్పలేను."

కోడలు అంతా చదివింది.

"ఇవన్నీ తీసేయవే. చూస్తేనే గుండె దడదడ అంటున్నది" అంది అత్త.

"వద్దత్తమ్మా. మనం తీసేస్తే మన దగ్గర ఏం మిగులుతది? వాడు గూడ తుడిచేయొచ్చు. పంపినోడు తుడిస్తే మన ఫోన్ల గూడ కనబడకుండ పోతది. ముందుగాల రికార్డు చేద్దాం."

తెర మీద కనబడేదంతా సినిమాలాగా తీసి పెట్టుకోవడమే స్క్రీన్ రికార్డింగ్. స్క్రీన్‌షాట్ అంటే ఒక్క ఫోటో. పెద్ద సంభాషణకు ఒక ఫోటో చాలదు. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి చాలా ఫోన్లలో ఈ వసతి ముందే ఉంటోంది. దీనికోసం కొత్త యాప్ వేసుకోనక్కరలేదు.

కోడలు తెర పైఅంచు మీద వేలు పెట్టి కిందికి లాగింది. మరోసారి లాగింది. టార్చి, వైఫై లాంటి గుర్తులు వచ్చాయి. వాటిలో స్క్రీన్ రికార్డ్ అనే గుర్తు ఉంది. కొన్ని ఫోన్లలో స్క్రీన్ రికార్డర్ అని రాసి ఉంటుంది. మొదటి పేజీలో లేకపోతే పక్కకు జరిపి చూడాలి. అక్కడా లేకపోతే పెన్సిల్ బొమ్మ నొక్కి వెతకాలి.

గుర్తు నొక్కగానే ఫోను ఒక హెచ్చరిక చూపింది. ఫోను భాష తెలుగు పెట్టుకుంటే అది తెలుగులోనే వస్తుంది. "అత్తమ్మా, ఇది నువ్వు చదువు" అంది కోడలు. అత్త ఒక్కో మాట కూడబలుక్కుని చదివింది. రికార్డు చేసినంతసేపు తెర మీద కనబడేదంతా అందులో పడుతుందని, పాస్‌వర్డులు, డబ్బు వివరాలు, మెసేజీలు కూడా పడవచ్చని దాని అర్థం. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఈ మాట చదవకుండానే నొక్కేస్తారు. అత్త చదివిన తర్వాతే నొక్కింది.

ముందుగా అప్పు యాప్ తెరిచారు. పేరు, అప్పు మొత్తం కనబడేట్టు కాసేపు ఆగారు. తర్వాత డబ్బు కట్టినట్టు వచ్చిన మెసేజి చూపారు. ఆ తర్వాత వాట్సాప్ తెరిచి, బెదిరింపులను మొదటి నుంచి చివరి దాకా నెమ్మదిగా జరిపారు. పంపినవాడి పేరు నొక్కితే నంబరు కనబడింది. ఈ నంబరు చాలా ముఖ్యం. పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. మళ్లీ పైనుంచి కిందికి లాగి, ఆపు అని నొక్కారు. వీడియో గ్యాలరీలోకి వచ్చింది.

కొన్ని బ్యాంకు యాప్‌లు రికార్డులో నల్లగా పడతాయి. అంటే ఫోను పాడైనట్టు కాదు. దొంగ చూడకుండా బ్యాంకు పెట్టిన అడ్డం అది. మామూలు ఫోన్ కాల్ మాటలు కూడా ఇందులో సాధారణంగా పడవు. కాల్ వచ్చిన నంబరు, సమయం నోటుబుక్కులో రాసుకోవాలి.

ఇట్లాంటి బాధ ఈ ఒక్క ఇంటిది కాదు. 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు అప్పు యాప్‌ల మీద కేసులు పెట్టి పలువురిని అరెస్టు చేశారు. ఆ వేధింపులకు తాళలేక ప్రాణాలు తీసుకున్నవారు ఉన్నారు. 2022లో రిజర్వు బ్యాంకు కొత్త నియమాలు పెట్టింది. అప్పు ఇచ్చే యాప్ మన ఫోనులోని చుట్టాల నంబర్లు, ఫోటోలు చూడకూడదు. కాబట్టి చుట్టాలకు పంపుతామని బెదిరించేవాడే తప్పు చేసినవాడు. అప్పు చేసిన ఆడమనిషి తల దించుకోనక్కరలేదు.

మరునాడు ఇద్దరూ ఠాణాకు పోయారు. ఆడవాళ్లను వేధించేవారి సంగతి చూడటానికి షీ టీమ్స్ కూడా ఉన్నాయి. 2014లో హైదరాబాదులో మొదలై తర్వాత రాష్ట్రమంతా వచ్చాయి. కోడలు వీడియో చూపింది. ఫోనులోని అసలు మెసేజీలను కూడా చూపింది. వీడియోను కత్తిరించకూడదు. అసలు మెసేజీలు తీసేయకూడదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం ఫోనులోని రికార్డును కూడా సాక్ష్యంగా చూపవచ్చు. అసలుది ఉంటే సాక్ష్యానికి బలం.

డబ్బే పోతే ఇంకా తొందరపడాలి. వెంటనే 1930కి ఫోను చేయాలి. దొంగ ఆ డబ్బు తీసుకునేలోపు చెబితే బ్యాంకులో ఆపించే వీలుంటుంది. రేపు చేద్దామంటే డబ్బు చేతులు మారిపోతుంది.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. అత్త తన తెరను తాను రికార్డు చేసుకుంది. అది ఆమె ఫోనులోనే ఉంది. కానీ ఎవరో ఫోను చేసి, "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. ఈ యాప్ వేసుకోండి. అందులో కనబడే నంబరు చెప్పండి" అంటే అది వేరు. ఆ నంబరు చెప్పి, అనుమతి నొక్కితే మన తెర వాడికి కనబడుతుంది. ఓటీపీ వస్తే మనకంటే ముందు వాడు చదువుతాడు. ఇట్లాంటి యాప్‌తో జరిగే మోసం గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. 2023 నుంచి వాట్సాప్ వీడియో కాల్‌లో కూడా తెర చూపించే వీలు వచ్చింది. కొత్త మనిషి నొక్కమంటే నొక్కకూడదు. కాల్ పెట్టేయాలి. బ్యాంకు పనైతే పాస్‌బుక్కు పట్టుకుని బ్యాంకుకే పోవచ్చు.

"అయితే వీడియో కాల్ల మనల్ని గూడ ఎవరన్న రికార్డు చేస్తరా?" అని అత్త అడిగింది.

"చేస్తరు. మనకు తెల్వనే తెల్వది. వాట్సాప్ చెప్పది. అందుకే తెల్వని నంబరు నుంచి వీడియో కాల్ వస్తే ఎత్తొద్దు."

చేసి చూడండి: మీ ఫోనులో స్క్రీన్ రికార్డ్ గుర్తు ఎక్కడుందో వెతకండి. ముందు వచ్చే హెచ్చరికను పక్కనున్నవారికి గట్టిగా చదివి వినిపించండి. ఒక నిమిషం రికార్డు చేసి, గ్యాలరీలో చూసి, తీసేయండి. తర్వాత 1930 అని పెద్ద అంకెల్లో ఇంట్లో గోడ మీద రాయండి.