కర్ర నేర్పిన బుద్ధులు

నెల్లూరు దగ్గర మైపాడు వైపు పల్లెల్లో మా ఈడు వాళ్లకు సాము అంటే కర్రసామే. "ఈ కాలంలో కర్రతో ఏం పని తాతా?" అని కుర్రాళ్లు అడుగుతుంటారు. కొట్లాటకైతే ఏ పనీ లేదు. బతకడానికి మాత్రం బాగా పనికొచ్చింది.

1. ముందు కాళ్లు, తర్వాతే కర్ర. సాము నేర్పే గరిడీలో అడుగుపెట్టిన రోజే కర్ర తిప్పేయాలని ఉంటుంది. వస్తాదు మాత్రం దండీలు, బస్కీలు తీయించి, అడుగులు నేర్పాకే కర్ర ఇస్తాడు. సముద్రం ఒడ్డున పొడి ఇసుకలో మడమ దిగబడుతుంది, పిక్కలు పట్టేస్తాయి. అక్కడ తూలకుండా అడుగు మార్చగలిగితే గట్టి నేల మీద ఒళ్లు దానంతటదే తిరుగుతుంది.

2. కర్ర కొనను చూడొద్దు, భుజాన్ని చూడు. కర్ర లేచే ముందు ఎదుటివాడి భుజం కదులుతుంది. కొనను చూస్తూ కూర్చుంటే దెబ్బ తగిలాకే తెలుస్తుంది. మాటల గొడవలోనూ అంతే. గొంతు పెరగక ముందే మనిషి వాలకం మారుతుంది. అది పసిగట్టినవాడు గొడవ ముదరక ముందే తప్పుకుంటాడు.

3. పండగ కోసం సాధన చేయొద్దు. పీర్ల ముందు కర్ర తిప్పాలి కాబట్టి పీర్ల పండగకు నెల ముందు అందరికీ హుషారే. ఆ పండగ ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఒకసారి ఎండల్లో, ఒకసారి వానల్లో వస్తుంది. సాధనకు ఆ లెక్కలు కుదరవు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం కాబట్టి పడవ మీద పోయేవాళ్లకు తీరిక దొరుకుతుంది. అప్పుడు కొత్త వరసలు నేర్చుకోండి. వేట మొదలయ్యాక రోజుకు పావుగంట చాలు, మానకుండా ఉంటే.

4. గరిడీలో ఉన్న వరస ఒకటే, గురువూ శిష్యుడూ. మొహర్రంలో నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగకు అన్ని మతాల వాళ్లూ వస్తారు. ఊళ్లలో పీర్ల ముందు కర్ర తిప్పేవాళ్లూ అంతే. వస్తాదు సాయిబైనా, రెడ్డైనా, పట్టపు కాపైనా కాళ్లకు మొక్కాకే కర్ర అందుకోవాలి.

5. మొదటి దెబ్బ నీది కాకూడదు. 1922లో ఒకినావా నుంచి టోక్యో వెళ్లి కరాటే చూపించిన గిచిన్ ఫునాకోషి చెప్పిందీ ఇదే. మనకు అంత దూరం పోనక్కర్లేదు. మా పక్కనున్న పల్లెపాడులో 1921 ఏప్రిల్ 7న, అహింసే బలమని చెప్పిన గాంధీజీ పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. చేతగాక చెయ్యి ఎత్తనివాడు వేరు, చేతనై ఉండీ ఎత్తనివాడు వేరు. సాము రెండోవాణ్ణి తయారు చేయాలి.

6. కండ కంచంలో లేదు. 1882లో వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు శాకాహారి. అలాగని మన చేపల పులుసు మానమనడం లేదు. మానాల్సింది సీసా. రాత్రి అది పట్టిన చేతిలో పొద్దున కర్ర నిలవదు.

7. వచ్చింది దాచుకోవద్దు. మా చిన్నప్పుడు ఆడపిల్లల్ని గరిడీ దరిదాపులకు రానిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లలో వాళ్లే ముందుంటున్నారు. మగపిల్లలకంటే ఓపికగా అడుగులు నేర్చుకుంటారు. మీ ఇంట్లో ఆడపిల్ల ఉంటే పంపండి. కర్ర నేనిస్తాను.