ఫొటోల డీవీడీ టీవీలో ఆడకపోతే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

పూజల వీడియోల మధ్యలో ఈ డీవీడీ గోలేంటి అనుకోకండి. ఇంట్లో షష్టిపూర్తికో, సంవత్సరీకానికో పాత ఫొటోలు కూర్చి పెద్దవాళ్లకు చూపించాలనుకుంటే ఇది పనికొస్తుంది.

మా తాత బోధన్ శక్కర్‌నగర్‌లో, 1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశారు. 2015 చివర్లో ఫ్యాక్టరీ మూతపడింది. తర్వాత తాతా పోయారు. మిగిలింది రేకు డబ్బాలో ఫొటోలు: క్వార్టర్ల ముందు దసరా, చెరకు బండ్ల వరుస, మేనమామ పెళ్లి. మొదటి సంవత్సరీకానికి వాటన్నిటినీ స్కాన్ చేసి అమ్మమ్మకు చూపించాలనుకున్నాను. ఆమె దగ్గరున్నది పాత డబ్బా టీవీ, డీవీడీ ప్లేయర్ మాత్రమే.

నిజామాబాద్‌లో రాత్రంతా కూర్చుని చేసిన డిస్క్ నా ల్యాప్‌టాప్‌లో చక్కగా ఆడింది. కార్యానికి మూడు రోజుల ముందు బోధన్ తీసుకెళ్లి పెడితే ప్లేయర్ గిర్రున తిరిగి ఆగిపోయింది. "గిదేం డిస్క్ బిడ్డా, బొమ్మనే వస్తలే" అంది అమ్మమ్మ. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ పరువు అక్కడే పోయింది.

తప్పు నాదే. ఎంపీ4 ఫైలును డిస్క్ మీద కాపీ చేశానంతే. అది డేటా డిస్క్, వీడియో డీవీడీ కాదు. పాత ప్లేయర్‌కు అర్థమయ్యేది ఎంపెగ్-2 వీడియో. అది కూడా వీడియో_టీఎస్ అనే ఫోల్డర్‌లో వీఓబీ, ఐఎఫ్ఓ, బీయూపీ ఫైళ్లుగా ఉండాలి. ఈ ఏర్పాటు చేసే పనిని ఆథరింగ్ అంటారు. డీవీడీ స్టైలర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. అందులో మన దేశానికి పాల్ ఎంచుకోండి: 720×576, సెకనుకు 25 ఫ్రేములు. శబ్దం 48 కిలోహెర్ట్జ్‌లో ఉండాలి. భజన పాట ఎంపీ3ని అలాగే పెడితే కుదరదు, ఏసీ-3కి మార్చాలి.

ఇప్పుడు అసలు చిట్కా. నేరుగా డిస్క్ మీద రాయకండి. ముందు ఐఎస్ఓ ఫైలు చేసి వీఎల్‌సీలో పూర్తిగా చూడండి. అందులోనే పాట తెగినా, ఫొటో ఆగినా తప్పు ఆథరింగ్‌లో ఉంది, ఎన్ని డిస్కులు మార్చినా లాభం లేదు. ఐఎస్ఓ బాగుండి డిస్క్ తడబడితే తప్పు రాయడంలో ఉంది. రాసేటప్పుడు వెరిఫై పెట్టండి. వెరిఫై కూడా పాసై అక్కడి ప్లేయర్ మాత్రం మొరాయిస్తే, డిస్క్ రకమో, ప్లేయర్ లెన్సో చూడాలి. ఆఫీసులో బగ్ వెతికేదీ ఇలాగే కదా, ఒక్కో మెట్టూ విడదీసి!

నా రెండో డిస్క్ ఐఎస్ఓలో బాగుంది, డిస్క్ మీద చివర్లో గడులు గడులుగా విరిగింది. 16ఎక్స్ వేగంతో రాశాను. కొత్త డీవీడీ-ఆర్ తీసుకుని 8ఎక్స్‌లో రాసి, ఫైనలైజ్ చేశాక కుదిరింది. మళ్లీ మళ్లీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్కులను పాత ప్లేయర్లు చాలాసార్లు గుర్తుపట్టవు, వాటి జోలికి పోకండి.

సైజు గురించి కంగారొద్దు. 4.7 జీబీ డిస్క్ కంప్యూటర్‌లో 4.38గానే కనిపిస్తుంది, అది మోసం కాదు, లెక్కలో తేడా. సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున గంట వీడియో సుమారు 3.6 జీబీ.

డబ్బా టీవీ అంచులను కొంత కోసేస్తుంది. నా మొదటి ఐఎస్ఓలో గ్రూప్ ఫొటో చివర నిల్చున్న తాత సగమే కనిపించేవారు! చుట్టూ పది శాతం ఖాళీ వదలండి. జరీ అంచుల్లాంటి సన్నగీతలు మెరుస్తూ వణికితే ఆ ఫొటోను కాస్త మెత్తబరచండి.

కార్యానికి ముందురోజు సాయంత్రం అదే ప్లేయర్‌లో పెట్టాం. బొమ్మ వచ్చింది. పది ఫొటోలు కాగానే అమ్మమ్మ, "గింత ఉరుకుడెందుకు? ఒక్కొక్కర్ని గుర్తువట్టనియ్యవా?" అంది. ఒక్కో ఫొటోకు నాలుగు సెకన్లే పెట్టాను. ఆ రాత్రి ఎనిమిదికి మార్చి మళ్లీ రాశాను. 180 ఫొటోలు, 24 నిమిషాలు. మరునాడు అందులోనూ ఆమె రిమోట్‌తో రెండుసార్లు ఆపించింది, రెండూ చెరకు బండ్ల ఫొటోల దగ్గరే.