గ్రాఫులో గీత, చేతిలో మీటరు

ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ ఇంటర్వ్యూల్లో తరచూ తగిలే ప్రశ్న ఇది: ట్రాన్స్‌మిటర్ రేంజి 0 నుంచి 8 మీటర్లు, అవుట్‌పుట్ 4 నుంచి 20 మిల్లీయాంపులు. మల్టీమీటరు 13 చూపిస్తోంది. ట్యాంకులో లెవెల్ ఎంత? అదే 12 అని అడిగితే 'సగం, 4 మీటర్లు' అని టక్కున చెప్పేస్తారు. 13 అనేసరికి తడబాటు మొదలవుతుంది. పదో తరగతిలో వై = ఎంఎక్స్ + సి అని బట్టీ పట్టిన గీతే ఇది. అప్పుడు దాని పక్కన ట్యాంకు లేదు, అంతే.

కాలిబ్రేషన్ గ్రాఫు ముందు పెట్టుకోండి. అడ్డంగా లెవెల్, నిలువుగా కరెంటు. గీత జోలికి పోకముందే అంచుల మీది అంకెలు చదవండి. అడ్డంగా ఒక్కో గడి అర మీటరు, నిలువుగా ఒక్కో గడి 2 మిల్లీయాంపులు అనుకుందాం. గీత రెండు గళ్లు పక్కకి జరిగితే ఒక గడి పైకి లేస్తోంది. గళ్లు లెక్కపెట్టినవాడికి వాలు 'అర' అని వస్తుంది. అంకెలు చదివినవాడికి మీటరుకి 2 మిల్లీయాంపులు అని వస్తుంది. రెండోదే నిజం. 'మీటరుకి' అనే మాట కూడా వాలులో భాగమే, దాన్ని వదిలేయకండి.

ఇక గీత మీద రెండు చోట్లు పట్టుకోవాలి. గీత సరిగ్గా గడి మూల మీదుగా వెళ్లే చోట్లు, అవీ బాగా ఎడంగా ఉన్నవి. 1 మీటరు దగ్గర 6, 7 మీటర్ల దగ్గర 18 దొరికాయనుకోండి. పైకి 12, పక్కకి 6, వాలు 2. ఎడం ఎందుకంటే, చదవడంలో 0.2 తేడా వచ్చిందనుకోండి: ఒక్క మీటరు ఎడంలో వాలు 2.2 అయి కూర్చుంటుంది, ఆరు మీటర్ల ఎడంలో 2.03 దగ్గరే ఆగుతుంది. పక్కన చెదిరిన రీడింగు చుక్కల్ని కాదు, గీతనే నమ్మండి.

నేను దెబ్బతిన్నది ఆ తర్వాతి మెట్టులో, అంటే లెవెల్ సున్నా దగ్గర కరెంటు ఎంతో చెప్పే 'సి'ని పట్టుకోవడంలో. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చేతికొచ్చిన గ్రాఫులో అడ్డం గీటు 2 మీటర్ల దగ్గర మొదలైంది. ఎడమ అంచున గీత 8 దగ్గర తగిలింది. 'సి అంటే 8' అని రాసేసి, మీటరులో 13 చూసి, లెవెల్ రెండున్నర మీటర్లని లాగ్‌బుక్కులో ఎక్కించాను. సీనియర్ టేపు వదిలి కొలిస్తే నాలుగున్నర! కాగితం అంచు సున్నా కానక్కర్లేదని ఆ రోజు తెలిసింది. అందుకే ఇప్పుడు అంచుని నమ్మను, తెలిసిన ఒక బిందువుని సమీకరణంలో పెడతాను: 6 = 2 × 1 + సి, కాబట్టి సి 4.

కరెంటు = 2 × లెవెల్ + 4. మీటరు దగ్గర మనకి కావలసింది దీని తిరగేత: కరెంటులోంచి 4 తీసేసి 2తో భాగించడం. 13లోంచి 4 పోతే 9, సగం చేస్తే 4.5 మీటర్లు. గ్రాఫు మీద మూడో చోటు ఒకటి చూసి సరిపోల్చుకుంటే పని పూర్తి.

గీత కిందికి దిగుతుంటే వాలు మైనస్. అల్ట్రాసోనిక్ సెన్సర్ ట్యాంకు పైన కూర్చుని నీటి పైభాగం దాకా దూరం కొలుస్తుంది, నీళ్లు పెరిగేకొద్దీ ఆ దూరం తగ్గుతుంది. లెవెల్‌కి ఎదురుగా ఆ దూరాన్ని గీస్తే గీత దిగుతూనే ఉంటుంది.

ఇంటర్వ్యూలో తర్వాతి ప్రశ్న ఇలా రావచ్చు: 'మీటరు 3.5 చూపిస్తే?' సమీకరణంలో వేస్తే లెవెల్ మైనస్ పావు మీటరు వస్తుంది. ట్యాంకు అడుగు కింద నీళ్లుండవు కదా. సున్నా లెవెల్‌కి 4 మిల్లీయాంపులు కేటాయించింది ఇందుకే: వైరు తెగితే కరెంటు సున్నాకి పడుతుంది, ఖాళీ ట్యాంకుకీ తెగిన వైరుకీ తేడా తెలుస్తుంది. 3.5 దగ్గర లెక్క ఆపి, లూపు చూడ్డానికి వెళ్తానని చెప్పండి.