సీనాయి కొండ పటము

నిర్గమకాండము 19వ అధ్యాయములో మోషే ఎక్కెను, దిగెను అను మాటలను మనము త్వరగా చదివి దాటిపోవుదుము. సీనాయి అరణ్యమును 1868-69లో బ్రిటిష్ సర్వేవారు కొలిచి పటములు గీసిరి. ఇట్టి పటములలో ఒకే ఎత్తుగల చోట్లను కలుపుచు గీతలుండును. గీతలు ఎడముగా నున్నచో వాలు తక్కువ. ఒత్తుగా నున్నచో ఏటవాలు ఎక్కువ.

పూర్వులు మోషే కొండయని చెప్పిన జెబెల్ మూసాను చూతము. (వేరు కొండను చూపు పండితులును గలరు.) శిఖరము 2,285 మీటర్లు, క్రింది మఠము సుమారు 1,570. ఒంటెదారి చుట్టు తిరుగుచు మెల్లగా ఎక్కును. సన్యాసులు పేర్చిన సుమారు 3,750 మెట్ల దారి ఆ ఒత్తు గీతలను అడ్డముగా దాటుచు పోవును. మోషే కాలమున ఆ మెట్లును లేవు.

ఎనుబది యేండ్లవాడు శిఖరము చేరగనే, దిగిపోయి ప్రజలను హెచ్చరింపుమని 21వ వచనములో ఆజ్ఞ! పైగా అహరోనుతో మరల ఎక్కిరావలెను. ఆ వచనమును చదువుచు పటములోని గీతలను వ్రేలితో లెక్కించుడి.