అరిగిన గొలుసు

సైకిలు త్రొక్కువారందరును దాని గొలుసును చూచియే యుందురు. దానిని కొలిచి చూచినవారు మాత్రము అరుదు. నేనును అరువది యేండ్లు దాటువరకు కొలిచి చూడలేదు. ముప్పది యేండ్లకు పైగా పాఠశాలకు సైకిలుపైననే పోయితిని. గొలుసు తెగిననాడు మార్చితిని గాని, తెగకయే గొలుసు చెడునని నాకు తెలియదు. ఆ తెలియమివలన మా మనుమడు ఒకనాడు నడిరోడ్డున పడెను.

మేము విశాఖపట్టణమున నివసించుచున్నాము. మనుమని సైకిలు వయస్సున వానికంటె పెద్దది. వాని తండ్రి కళాశాలలో చదువు దినములలో కొన్నది. కొండదారులలో త్రొక్కుటకై చేసిన రకము. లావైన టైర్లు, పెడళ్ళయొద్ద మూడు పళ్ళచక్రములు, వెనుక ఏడు. ఇరువది యేండ్లు గడచినను దాని ఉక్కు చట్రము చెక్కుచెదరలేదు.

ఈ రకపు సైకిలు పుట్టుక వినదగినది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున మారిన్ అను సీమ యున్నది. 1970 తరువాతి దశాబ్దమున అచటి యువకులు కొందరు ముప్పది నలువది యేండ్లనాటి బరువైన పాత సైకిళ్ళను తుక్కు దుకాణములనుండి ఏరి తెచ్చి, మట్టి బాటలవెంట కొండపైనుండి దిగువకు దుమికించెడివారు. 1976లో పందెములు కూడ మొదలయ్యెను. ఆ సైకిళ్ళకు బ్రేకు వెనుక హబ్బులోనే యుండెడిది. ఒక్కమారు కొండ దిగునప్పటికి లోపలి గ్రీజు కాగి పొగయై పోయెడిది. హబ్బును విప్పి మరల గ్రీజు కూరవలసి వచ్చెడిది. అందుచేత ఆ బాటకు 'రీప్యాక్', అనగా 'మరల కూరుట', అను పేరే నిలిచిపోయెను. దిగుట సరే, మరల ఎక్కుటెట్లు? దానికై గేర్లు తగిలించిరి. 1977లో జో బ్రీజ్ అను నాతడు ఇట్టి స్వారీకనియే క్రొత్త చట్రమును నిర్మించెను.

గేరు అనగా లెక్కయే. మా సైకిలునకు ముందరి పెద్ద చక్రమునకు 42 పళ్ళు, వెనుక చిన్నదానికి 14. పెడలు ఒకమారు తిరిగినచో వెనుక చక్రము మూడుమార్లు తిరుగును. టైరు అడ్డుకొలత 26 అంగుళములు గనుక, ఒక్క త్రొక్కుటకు సైకిలు ఆరు మీటర్లకు పైగా పోవును. ముందు 24 పళ్ళది, వెనుక 28 పళ్ళది వేసినచో రెండు మీటర్లైనను పోదు. కాని ఎంతటి ఎత్తునైనను ఎక్కును. ఈ లెక్కలోనే అరుగుదల రహస్యమును కలదు. ముందరి పంటికి ఒకమారు పని తగులునప్పటికి, వెనుక చిన్నచక్రపు పంటికి మూడుమార్లు తగులును. చిన్నవియే ముందుగా అరుగుటకు కారణమిదియే.

నిరుడు వేసవిలో ఈ సైకిలు గొలుసు కరకరమనుట మొదలుపెట్టెను. మా వీథి చివర నొక వృద్ధుడైన మేస్త్రీ యున్నాడు. ఆయన వెనుక చక్రమును త్రిప్పి చూచి, “మాస్టారూ, గొలుసొక్కటే మార్చినచో చాలదండీ. వెనుక పళ్ళచక్రములును పోయినవి” అనెను. వ్యాపారము కొరకు అనుచున్నాడని నేను తలచితిని. పళ్ళు విరుగలేదు గదా, చక్రము తిరుగుచునే యున్నది గదా, క్రొత్తవి ఏల? గొలుసు మాత్రము వేయుమంటిని. ఆయన మరియొకమారు చెప్పి చూచి, నా మాట చొప్పున గొలుసు మాత్రము మార్చెను.

నాలుగు దినములు చదునైన దారిలో సైకిలు చక్కగనే నడచెను. అయిదవ దినమున మనుమడు మా ఇంటి చెంతనున్న ఎత్తురోడ్డు ఎక్కుచు, గేరు మార్చుటకు బద్ధకించి, ఆసనముపైనుండి లేచి నిలిచి బలముగా త్రొక్కెను. గొలుసు పళ్ళపైనుండి ఎగిరి దాటెను. కాలికింద పెడలు ఒక్కసారిగా తేలిపోవుటచే వాడు ముందునకు తూలి పడెను. వెనుక వచ్చు కారువాడు గట్టిగా బ్రేకు వేసెను. అంతయు ఒక మూరెడు ఎడములో ఆగెను. మోకాలు చీరుకొనిపోయి, మణికట్టు వాచి, వాడు ఇంటికి నడచి వచ్చెను. “తాతయ్యా, సైకిలు చెడ్డదై పోయినది, ఇక నేను ఎక్కను” అనెను. సైకిలు చెడ్డది కాదని, చెడ్డది నా లెక్కయని వానితో చెప్పుటకు నాకు రెండు దినములు పట్టినది.

మూడవ దినమున ఇద్దరము మేస్త్రీయొద్దకు పోయితిమి. తీసివేసిన పాతగొలుసు ఆయన డబ్బాలోనే యున్నది. దానిని మేకుకు వ్రేలాడదీసి, మనుమని చేతికి ఇనుప స్కేలు ఇచ్చి, “కొలువుము బాబూ” అనెను.

సైకిలు గొలుసులో ఒక మేకు నడిమినుండి తరువాతి మేకు నడిమికి సరిగా అర అంగుళము. మామూలు సైకిలుకైనను, గేర్ల సైకిలుకైనను ఇదే కొలత. లోపలి వెడల్పు మాత్రము వేరు. కాబట్టి క్రొత్త గొలుసులో 24 కీళ్ళు పన్నెండంగుళములు ఉండవలెను. పదునారవ వంతు అంగుళము పెరిగినచో గొలుసు మార్చవలెను. ఎనిమిదవ వంతు పెరుగువరకు ఊరకున్నచో వెనుక పళ్ళును దానితో పోయినవన్న మాట. మా పాతగొలుసు ఎనిమిదవ వంతును కూడ దాటియున్నది!

ఇనుము సాగినదా? లేదు. గొలుసులోని రేకులు సాగవు. మేకు తిరుగు ప్రతి కీలులోను కొంచెము అరుగును. ఆ కొంచెమెంతయో మనుమడు లెక్కించెను: పదునారవ వంతు అంగుళమును 24 కీళ్ళకు పంచినచో, కీలుకు మిల్లీమీటరులో పదునైదవ వంతు మాత్రమే. కంటికి కనబడని ఆ అరుగుదల నూరుకు పైబడిన కీళ్ళలో కూడి గొలుసు పొడవగును. పొడవైన గొలుసు పళ్ళ మొదట కూర్చొనక కొసలవైపు ప్రాకి, పళ్ళనుకూడ తనకు తగినట్లు కొరుకుకొనును. పాతగొలుసు, పాతపళ్ళు ఒకదానికొకటి అలవడియుండుటచే జారవు. క్రొత్తగొలుసు వచ్చినంతనే ఆ పొత్తు చెడును. వంకరతేలిన పళ్ళ నడుమ దాని రోలర్లు కుదురుకొనవు. బలముగా త్రొక్కినప్పుడు కొసపైకెక్కి అవతలికి దూకును. మా పాతచక్రపు పళ్ళు చేపరెక్కలవలె ఒకవైపునకు వాలియుండుటను నేను అప్పుడే చూచితిని. అంతకుముందు అవి నా కంటబడకపోలేదు; చూడవలెనని చూడలేదు.

తరువాతి ఆదివారమున పని మొదలుపెట్టితిమి. వెనుక పళ్ళచక్రముల గుత్తి హబ్బునకు మరవలె బిగిసియుండును. త్రొక్కిన ప్రతిసారియు అది మరింత బిగియును గనుక, ఇరువది యేండ్ల త్రొక్కుట యంతయు దాని బిగువులో నున్నది. గుత్తి నడిమి గాళ్ళలో సరిపోవు పనిముట్టును వైసులో బిగించి, దానిపై చక్రమును బోర్లించి, టైరును రెండుచేతులతో పట్టి ఎడమకు త్రిప్పవలెను. మేస్త్రీ ఒక్కడు త్రిప్పిన కదలలేదు. మనుమడును చేయి వేసెను. తుపాకి ప్రేలినట్లు చప్పుడై ఊడెను. క్రొత్త గుత్తిని మరకు గ్రీజు పూసి చేతితోనే ఎక్కించితిమి. ఈ గ్రీజు మరచినచో మరల విప్పునప్పుడు ఏడ్పే.

గొలుసు పొడవునకు మేస్త్రీ చెప్పిన ఉపాయము సులభము. ముందు పెద్దచక్రము, వెనుక పెద్దచక్రము, ఈ రెంటిచుట్టును గొలుసును నేరుగా చుట్టి, కలిసినచోట ఒక అంగుళము అదనముగా ఉంచవలెను. పిమ్మట గేరు మార్చు చేతిలోని రెండు చిన్నచక్రముల గుండ దూర్చి కలుపవలెను. ఆ చిన్నచక్రములు ప్లాస్టికువి. పళ్ళు సూదులవలె అరిగి యున్నందున వానినికూడ మార్చితిమి. నాలుగు దినములే నడచిన క్రొత్తగొలుసును పారవేయ నక్కరలేకపోయెను.

ఇక నూనె సంగతి. మా చిన్ననాట ఇంటిలోని వంటనూనెయే గొలుసునకు పోసెడివారము. అది కొన్నాళ్ళకు జిగురై గడ్డకట్టును. యంత్రపు నూనెయైనను పోసి వదలరాదు. ఒక్కొక్క కీలునకు ఒక్కొక్క బొట్టు వేసి, పెడలును వెనుకకు త్రిప్పి, పైకి వచ్చిన నూనెనంతయు గుడ్డతో తుడిచివేయవలెను. మా ఊరివంటి సముద్రతీరమున ఇది మరింత ముఖ్యము. పైనున్న నూనెకు ఇసుక అంటినచో అది సానపెట్టు ముద్దయై, మనము త్రొక్కినంతసేపును ఇనుమును అరుగదీయును.

సాయంకాలమున మనుమడు ఆ ఎత్తురోడ్డునకే పోయెను. నేను క్రింద నిలుచుంటిని. మొదట గేరు తగ్గించి మెల్లగా ఎక్కెను. రెండవమారు నేను వలదన్నను వినక, లేచి నిలిచి త్రొక్కెను. గొలుసు కదలలేదు.

ముందరి నడిమి చక్రము పళ్ళును కొంత అరిగియే యున్నవి. ఈసారి దానిని మార్చుదమా యని నేనే అడిగితిని. మేస్త్రీ వ్రేలితో తడిమి చూచి, “ఇంకొక గొలుసు వరకు వచ్చునండీ” అనెను. ఆ మాటను ఈమారు నమ్మితిని. మనుమడు మాత్రము నెలకొకసారి స్కేలు తీసి కొలుచుచున్నాడు. మొన్నటి కొలత పన్నెండంగుళములపై ఒక వెండ్రుకవాసి.